మామ చెప్పిన రేకు

మా మామ ఇక లేడన్న కబురు నాకు కర్నూలు బస్టాండులో అందింది. ఒక లారీ ఇంజనుకు పిస్టన్ రింగుల సెట్టు కొనుక్కొని, డోన్ బస్సెక్కి కూర్చున్నాను. ఫోన్ చేసింది మా షెడ్డులో పనిచేసే ఫిట్టర్ భాయ్.

"అమ్మా, ఉస్తాద్ పొయినాడమ్మా," అన్నాడు. "నీళ్లు అడిగితే తాపిచ్చినా. గుక్కెడు తాగినాడు. తలకాయ అట్ల పక్కకు వాల్చినాడు. అంతే. నువ్వు గాబరా పడాకు."

గాబరా పడి చేసేదేముంది? బస్సు కిక్కిరిసి ఉంది. నడిచే దారి నిండా ఉల్లిగడ్డల మూటలు, మూటల మీద మనుషులు. డ్రైవరు ఇంకా రాలేదు. దిగి ఆటో మాట్లాడుకుందామన్నా తలుపు దాకా పోయే వీలు లేదు. ఎండకు కిటికీ కడ్డీ చుర్రుమంటోంది. రింగుల అట్టపెట్టె ఒడిలో పెట్టుకొని అట్లాగే కూర్చున్నాను. ఏడుపు రాలేదు. ఇంటికి పోయినాక ఈ రింగులు ఎవరికి చూపించాలి అన్నదొక్కటే మనసులో తిరిగింది.

పక్కన కూర్చున్న ఆమె నా మొహం చూసి, "ఏమైందమ్మా?" అని అడిగింది.

"మా మామ పోయినాడు," అన్నాను.

ఆమె తన నీళ్ల సీసా మూత తీసి నా చేతికిచ్చింది. బస్సు కదిలేదాకా ఆ సీసా నా చేతిలోనే ఉంది.

ఆయన గురించి రాయాలని కూర్చుంటే ఎక్కడ మొదలుపెట్టాలో తెలియలేదు. ఊళ్లో అందరికీ ఆయన మెకానిక్కు. డోన్‌లో హైవే పక్కన రేకుల షెడ్డు, దాని వెనక గోడకు ఆనుకొని ఇల్లు. నాపరాళ్లు మోసే లారీలు, ట్రాక్టర్లు, బోరు బండ్లు అక్కడికి ఇంజను పనికి వచ్చేవి. నేను బద్వేలు నుంచి కోడలిగా వచ్చేనాటికే అత్త లేదు. మామ నాతో పెద్దగా మాట్లాడేవాడు కాదు. పొద్దున కాఫీ గ్లాసు షెడ్డు అరుగు మీద పెట్టి వచ్చేసేదాన్ని. ఆయన పాత పేపరు ముక్క ఒకటి గ్లాసుకు చుట్టి పట్టుకొని తాగేవాడు. వేడికి అనుకున్నాను మొదట్లో. తర్వాత తెలిసింది, చేతుల నల్లటి జిడ్డు గ్లాసుకు అంటకుండా అని. గ్లాసు కడిగేది నేను కదా.

నేను బీకాం చదివాను. పెళ్లయిన ఏడాదికి కర్నూలులో ఒక ప్రైవేటు స్కూల్లో ఉద్యోగం వచ్చింది. మా ఆయన లారీ డ్రైవరు. ఎక్కడ కాపురముంటే ఏమి అని ఆయన కర్నూలులోనే ఒక గది చూసిపెట్టాడు. "నాయనకు నేను మెల్లగా చెప్తాలే," అన్నాడు. నేను చీరలు మడిచి ట్రంకు పెట్టెలో సర్దుకున్నాను.

ఆ వారంలోనే మామ పడిపోయాడు. ఒక ట్రాక్టరు ఇంజను విప్పి, సామాన్లన్నీ గోనెపట్ట మీద వరసగా పెట్టుకొని, రింగుల పొట్లం విప్పుతూ విప్పుతూ పక్కకు ఒరిగిపోయాడు. కర్నూలు ఆసుపత్రి నుంచి ఇంటికి తెచ్చేసరికి ఆయన కుడి చెయ్యి, కుడి కాలు ఆయనవి కావు. మాట కొద్దికొద్దిగా తిరిగి వచ్చింది. చెయ్యి రాలేదు.

ఆడబిడ్డ లేదు, తోడికోడలు లేదు. మా ఆయన లోడు ఎత్తుకొని మద్రాసు పోతే ఎప్పుడు తిరిగి వస్తాడో చెప్పలేం. నేను ట్రంకు పెట్టె మూత తీసి చీరలు మళ్లీ దండేనికి వేశాను. ఎవరూ నన్ను ఉండమని అడగలేదు. అడిగి ఉంటే కనీసం ఒప్పుకున్నానన్న మాటైనా మిగిలేది.

ఆ ఇల్లు ఎట్లాంటిదో చెప్పాలి. రెండు గదులు, ఒక వంటిల్లు. పైన రేకులు. ఎండాకాలంలో పొద్దున పది దాటితే లోపల కుంపటి. కిటికీ తెరిస్తే హైవే దుమ్ము, మూస్తే ఊపిరాడదు. మామను నడిమి గదిలో మంచం మీద పడుకోబెట్టాం. ఆ గది దాటకుండా వంటింట్లోకి పోలేను, వాకిట్లోకీ రాలేను. ఎటు పోయినా ఆయన కళ్లు నా వెంట వచ్చేవి. ఆయనకూ అంతే కదా, చూడడానికి నేను తప్ప మరొకరు లేరు. మొదట్లో ఆయనకు పట్టలేనంత కోపం. అన్నం తినిపిస్తే ఎడమ చేత్తో తోసేసేవాడు. ఒకసారి సంగటి ముద్ద పోయి గోడకు కొట్టుకుంది. నేను గోడ తుడిచి, వంటింట్లోకి పోయి, కుళాయి తిప్పి, ఆ చప్పుడులో ఏడ్చాను. బద్వేలులో మా చెల్లెలి పెళ్లికి పోయి, తాళి కట్టగానే అక్షింతలు వేసి బస్సెక్కాను. మా అమ్మ టిఫిన్ డబ్బాలో పెళ్లి భోజనం సర్ది ఇచ్చింది. దాన్ని దారిలో తినాలనిపించలేదు.

షెడ్డులో పనివాళ్లు ఒక్కొక్కరే వెళ్లిపోయారు. ఫిట్టర్ భాయ్ ఒక్కడే మిగిలాడు. మామతో చిన్ననాటి నుంచీ ఉన్న మనిషి. చేతిలో పని ఉంది గాని కళ్లకు శుక్లాలు. మామ పడిపోయిననాడు విప్పిన ట్రాక్టరు ఇంజను అట్లాగే గోనెపట్ట మీద ఉండిపోయింది. దాని రైతు రోజూ వచ్చి వాకిట్లో నిలబడేవాడు.

"సేద్యం పొద్దు పోతాండాది భాయ్. చేస్తారా, చెయ్యరా? ఏదో ఒకటి చెప్పండప్పా," అనేవాడు.

"నాకు ఆ సన్న రేకుల మీద అంకెలు అగుపడవు," అనేవాడు భాయ్. "ఉస్తాద్ లేకుండా నేను ఎట్ల కొలిచేది?"

ఒకరోజు ఆ మాటలు విని మామ నన్ను పిలిచాడు. అప్పటిదాకా నన్ను పేరు పెట్టిగాని, అమ్మా అనిగాని పిలవలేదు. "అమ్మా," అన్నాడు, నాలుక మడతపడుతూ. "ఆ లైనరు ఈడికి తే. రింగులు తే. నా తల కింది మెత్త అడుగున గేజి ఉండాది, తియ్."

చదివేవాళ్లకు అర్థం కావడానికి చెబుతాను. పిస్టను పైకీ కిందికీ ఆడే ఇనుప గొట్టమే లైనరు. ట్రాక్టరు ఇంజనులో దాన్ని ఊడదీసి బయటికి తీసుకోవచ్చు. పిస్టను చుట్టూ గాడుల్లో కూర్చునేవి రింగులు. రింగు నిండు చుట్టు కాదు, ఒకచోట తెగి ఉంటుంది. లైనరులో కూర్చున్నప్పుడు ఆ రెండు కొసల మధ్య వెంట్రుకవాసి సందు మిగలాలి. ఇంజను వేడెక్కితే రింగు సాగుతుంది. సందు చాలకపోతే కొసలు ఒకదాన్నొకటి గుద్దుకొని రింగు విరుగుతుంది, లైనరును గీరేస్తుంది, ఇంజను పట్టేస్తుంది. సందు ఎక్కువైతే బండి ఆయిలు తాగి పొగ కక్కుతుంది. ఆ సందును కొలిచేది గేజి. ఒక మేకుకు గుచ్చిన పలుచని ఉక్కు రేకుల కట్ట అది. ఒక్కో రేకు ఒక్కో మందం.

లైనరును రెండు చేతులా మోసుకొచ్చి మంచం పక్కన స్టూలు మీద నిలబెట్టాను. ఆయన చెప్పినట్టే రింగును వేళ్లతో నొక్కి లోపలికి జార్చాను. అది వంకరగా కూర్చుంది.

"అట్ల కాదు. పిస్టన్ తలకిందలు చేసి దాంతో తొయ్. సమంగా దిగల్ల. వంకరగా ఉంటే కొలత తప్పు చూపిచ్చాది."

తోశాను. రింగు సమంగా దిగింది. ఆయన చెప్పిన రేకు విడదీసి కొసల మధ్య పెట్టాను. పట్టలేదు.

"పట్టల్యా?"

"పట్టలేదు మామా."

"అయితే సందు తక్కువ ఉండాది. తీసి ఆకురాయి పెట్టు. కొంచెమే. ఒక పక్కనే రాయి. బయటి నుంచి లోపలికి రాయి."

రాసి పెట్టాను, తీశాను, మళ్లీ రాశాను. చివరికి రేకు లోపలికి పోయింది. లాగితే ఎవరో అవతల కొస పట్టుకొని వదులుతున్నట్టు చిన్న బిగి. ఆ మాటే చెప్పాను. ఆయన ఎడమ చెయ్యి చాచి రేకు తానే ఒకసారి లాగి చూసుకున్నాడు. ఆయన ముఖం నాకు కొత్తగా కనిపించింది. పడిపోయినప్పటి నుంచి ఏ వస్తువూ ఆయన చేతికి ఆనినట్టు లేదు. ఇది ఆనింది.

"మళ్లా చూడు," అన్నాడు.

ఆయన నోట నేను ఎక్కువగా విన్న మాట అదే. బాగుంది అని ఎప్పుడూ అనలేదు. కొలత సరిగ్గా ఉన్నా మళ్లా చూడు, తప్పినా మళ్లా చూడు. కొలవడం కంటే ముందు పాత రింగును చూడమనేవాడు. "కొత్తది ఏం చెప్తాది? దానికేం తెల్సు? పాతదాన్ని అడుగు," అనేవాడు. మసి అంటుకొని గాడిలో కదలక బిగిసిపోయిన రింగులు, ఒక పక్కే అరిగినవి, గీతలు పడినవి, అన్నీ ఆయన మంచం మీద పరిచేదాన్ని. ఎడమ బొటనవేలితో రాసి చూసి, ఈ బండి దుమ్ము మింగింది, ఈ బండికి నీళ్లు పోయకుండా తోలినారు అని చెప్పేవాడు. నేనూ రాసి చూసేదాన్ని. మొదట ఏమీ తెలిసేది కాదు. తర్వాత తెలియడం మొదలైంది.

ఆ తర్వాత పుట్టిన మా పాప ఆ మంచం కిందే పాకడం నేర్చింది. నేను లైనరు మీద వంగి ఉంటే, మామ ఎడమ చెయ్యి కిందికి వేలాడేసి దాని జుట్టు నిమిరేవాడు. రంజాను నెలలో మధ్యాహ్నం అన్నం పెట్టబోతే, "కిటికీ దగ్గరకెయ్. భాయ్ చూస్తాండాడు," అనేవాడు. ఎండ మండుతున్నా కిటికీ మూసుకొని, ఇద్దరం చెమటలు కక్కుతూ ఆ అన్నం ముగించేవాళ్లం.

ఇట్లా చెబుతుంటే మా ఇద్దరికీ బాగా కుదిరిందని మీకు అనిపించవచ్చు. నాకు ఆ రోజుల్లో అట్లా అనిపించలేదు. పని వచ్చేకొద్దీ ఉచ్చు బిగుసుకుంది. ముందు ఆయనకు మాత్రమే నేను కావాలి. ఇప్పుడు షెడ్డుకూ నేనే కావాలి. గేటు దగ్గర ఏ బండి ఆగినా భాయ్ నన్నే పిలిచేవాడు. మా ఆయన ఇంటికి వచ్చినప్పుడల్లా, "నువ్వు లేకుంటే మా నాయన ఏమైపోతుండెనో," అనేవాడు. ఆయన ప్రేమగానే అనేవాడు. ఆ మాట వింటే నాకు తలుపు బయట గడియ పెట్టినట్టుండేది. వాకిట్లో నిలబడితే బెంగుళూరు పోయే బస్సులు, హైదరాబాదు పోయే బస్సులు కనిపించేవి. కిటికీల్లో తలలు ఆనించి నిద్రపోయేవాళ్లను చూసి కుళ్లుకునేదాన్ని.

ఇక ఆ నీళ్ల ట్యాంకరు సంగతి. ఇది రాయకుండా ఆయన్ని గురించి రాస్తే సగమే రాసినట్టు.

ఆ ఎండాకాలం చుట్టుపక్కల పల్లెల్లో బోర్లన్నీ ఎండిపోయాయి. పత్తికొండ వైపు పల్లెలకు నీళ్లు తోలే ట్యాంకరు ఒకటి ఆయిలు తాగుతోందని మా షెడ్డుకు వచ్చింది. యజమాని పెద్ద సేద్యం ఉన్న మనిషి, నలుగురిలో మాట చెల్లేవాడు. "తొందరగా కానియ్యండి. జనం బిందెలు పెట్టుకొని కూర్చున్యారు," అని చెప్పి పోయాడు.

కొత్త లైనర్లు, కొత్త రింగులు తెచ్చాం. ఎప్పటిలాగే మామ రేకు చెప్పాడు. దాన్ని విడదీసి చూస్తే మరీ పలుచగా అనిపించింది.

"ఇంత పలుచనిదా మామా? పోయినతూరి ఇట్లాంటి లారీకే దీనికంటే మందం చెప్పినావు."

"ఇదే."

"ఒకసారి గుర్తు చేసుకో మామా."

"నేను ఈ పని నీ కంటే ముందు నుంచి చేస్తాండా," అన్నాడు. గొంతు లేచింది. "చెప్పింది చెయ్."

భాయ్ వైపు చూశాను. "ఉస్తాద్ చెప్పినాడంటే అంతే అమ్మా," అన్నాడు. ఆ రేకు అన్ని రింగుల్లోనూ సులువుగా పట్టింది. ఆకురాయి పని కూడా పడలేదు. ఇంజను బిగించాం. మొదటి ట్రిప్పు నీళ్లు పోసుకొని బండి పోయింది.

మర్నాడు మిట్టమధ్యాహ్నం అది దారిలో పట్టేసింది. నిండు ట్యాంకు నీళ్లతో, చెట్టు నీడ కూడా లేని చోట. డ్రైవరు బానెట్టు ఎత్తి కూర్చుంటే, దగ్గరి పల్లె నుంచి ఆడవాళ్లు బిందెలెత్తుకొని ఆ దూరం నడిచి వచ్చి అక్కడే నీళ్లు పట్టుకున్నారట. మిగతా పల్లెలకు ఆ రోజు నీళ్లు లేవు. ఇంకో బండికి కట్టి ట్యాంకరును మా షెడ్డుకు లాక్కొచ్చారు. వెనకే యజమాని, ఆయన మనుషులు.

"ఆడమనిషి చేత కొలిపిస్తే ఇట్లగాక ఎట్లుంటాది?" అని యజమాని వాకిట్లో నిలబడి అరిచాడు. "వంట చేసుకునే మనిషికి ఇంజను ఇస్తారా ఎవరన్నా?"

రోడ్డు మీద పోయేవాళ్లు ఆగి చూస్తున్నారు. నేను షెడ్డు స్తంభానికి ఆనుకొని నిలబడిపోయాను. లోపలికి పోదామంటే నడిమి గదిలో మామ. బయటికి పోదామంటే వాళ్లు.

అప్పుడు లోపలి నుంచి మామ గొంతు వినిపించింది. "అప్పా, అరిచేది ఆపు. ఇంజను విప్పండి. రింగులు నా కాడికి తెండి."

విప్పారు. ఒక లైనరు పొడవునా గీరుకుపోయింది. పై రింగు మూడు ముక్కలు. భాయ్ ముక్కలు తుడిచి నా చేతిలో పెట్టాడు. నేను అప్పటికే చూశాను. కొసలు రెండూ అద్దంలా మెరుస్తున్నాయి. సందు సరిపోయి ఉంటే ఆ కొసలు నల్లగా మసిపట్టి ఉండాలి. అవి మెరుస్తున్నాయంటే, ఒకదాన్నొకటి గుద్దుకొని రాసుకున్నాయన్నమాట. వాటిని ఆయన ఎడమ అరచేతిలో పెట్టాను.

యజమాని నా వెనకే గదిలోకి వచ్చి నిలబడ్డాడు. మామ కొసలు వెలుతురుకు తిప్పి చూశాడు. బొటనవేలితో రాశాడు. మళ్లీ తిప్పి రాశాడు. నేను కొలిచింది తప్పు అని ఆయన అంటే ఎవరూ కాదనరు. నేనూ కాదనలేను, ఎందుకంటే ఆయన ఏ రేకు చెప్పాడో విన్నది నేనూ భాయ్ మాత్రమే.

"తప్పు నాది," అన్నాడు మామ. "రేకు నేను తప్పు చెప్పినా. ఏరే ఇంజనుది చెప్పినా. ఆయమ్మ అడిగింది, ఇదేనా మామా అని. నేను ఇనలేదు. ఆయమ్మను ఏమీ అనాకు."

యజమాని కాసేపు నిలబడి, "సరేలేప్పా, తొందరగా చేసియ్యండి," అని బయటికి పోయాడు. గొంతు తగ్గించే అన్నాడు. మేము ఆ ఇంజను మళ్లీ చేసి ఇచ్చాం. ఈసారి రేకు నేనే ఎంచుకున్నాను.

మీరు ఇక్కడ నాకు ఊరట కలిగిందనుకుంటారు. కలిగింది, కొంచెం. కానీ ఆ సాయంత్రం మామ గేజి నా వైపు తోసి, "ఇంక నన్ను అడగాకు. నువ్వే చూసుకో," అని గోడ వైపు ముఖం తిప్పుకున్నాడు. ఆ తర్వాత ఇంజను మాట ఎత్తితే బదులు లేదు. పాత రింగు చేతికిస్తే పట్టుకోలేదు. ఎప్పుడు ఆయన గొంతు వినబడకుండా ఉంటుందా అని ఎన్నిసార్లు అనుకున్నానో నేను. ఇప్పుడు వినబడటం లేదు. ఒకే గదిలో అటు తిరిగి పడుకున్న వీపును చూస్తూ పనిచేయడం అంతకంటే కష్టమని అప్పుడు తెలిసింది. పాప కూడా ఆ గదిలోకి రావడానికి జంకేది.

వానలు పడేదాకా అట్లాగే గడిచింది. ఒకరోజు ఒక ట్రాక్టరు లైనరు తెచ్చి స్టూలు మీద నిలబెట్టాను. పాత రింగు ఆగిన చోట లైనరు లోపల అరిగి చిన్న గట్టు తేలుతుంది. అది ఎంత ఉంటే లైనరు మార్చాలి, ఎంతలో ఉంటే రింగులతో సరిపోతుంది అన్నది నాకు ఇంకా పూర్తిగా పట్టుబడలేదు. నిజంగానే తెలియలేదు, ఆయన్ని కదిలించడానికి వేసిన ఎత్తు కాదు.

"మామా, నాకు తెలియడం లేదు," అన్నాను. "రైతు చిన్నవాడు. ఊరికే లైనర్లు మార్పిస్తే తట్టుకోలేడు. మార్చకపోతే బండి మళ్లా వస్తుంది. నువ్వు చూడు."

వీపు కదల్లేదు.

"నువ్వు చెప్పినా నేను మళ్లా చూస్తా. నేను చెప్పినా నువ్వు మళ్లా చూడు. అట్ల చేసుకుందాం. ఇద్దరం ఒకేసారి తప్పుతామా?"

కొంతసేపటికి ఎడమ చెయ్యి వెనక్కి వచ్చింది. ముఖం తిప్పలేదు, చెయ్యి మాత్రమే. నేను లైనరు ఒంచి పట్టుకున్నాను. ఆయన గోరుతో లోపలి అంచు మీద గీశాడు. ఒకసారి, మళ్లీ ఒకసారి.

"గోరు ఆగుతాండాది. మార్చాల," అన్నాడు. ఆ తర్వాత అన్నాడు, "నువ్వు గీసి చూడు."

గీశాను. గోరు ఆగింది. అప్పటి నుంచి చివరిదాకా ఏ ఇంజనైనా ఇద్దరం చూసిందే. ఒకరి మాట ఒకరం కొట్టేసుకునేవాళ్లం. గొంతులు లేస్తే భాయ్ షెడ్డులో నవ్వుకునేవాడు.

పోయిన ఎండాకాలం ఒక మధ్యాహ్నం కరెంటు పోయింది. నేను మంచం పక్కన కూర్చొని అట్టముక్కతో విసురుతున్నాను. ఆయన కళ్లు మూసుకునే ఉన్నాడు.

"ఆ బడి యాడ ఉండేది?" అన్నాడు.

"ఏ బడి మామా?"

"నీకు పని ఇచ్చిన బడి. కర్నూల్లో."

నా చెయ్యి ఆగిపోయింది. ఇన్నేళ్లలో ఆ మాట మా ఇంట్లో ఎవరూ ఎత్తలేదు. మామకు తెలియదనే అనుకున్నాను నేను.

"మావాడు నేను పడిపోకముందే చెప్పినాడు," అన్నాడు. "మంచిదేలే, పిల్లలు బాగుపడతారు అనుకున్యా. అంతలోనే ఇట్లయింది. ఆ తరువాత నేను ఎత్తలేదమ్మా. ఎత్తితే నువ్వు పోతావేమోనని శానా బయమయ్యేది. ఉండమని అడిగేదానికి నోరు రాలేదు, పొమ్మనేదానికి మనసు రాలేదు. తెలిసే ఊరకుండినా."

నాకు కోపం వచ్చింది. అంత కోపం ఆయన మీద అంతకు ముందెప్పుడూ రాలేదు, సంగటి గోడకు కొట్టిన రోజు కూడా. లేచి వంటింట్లోకి పోయాను. గట్టు మీద చేతులు పెట్టి నిలబడ్డాను. తలుపు విసిరికొట్టి బయటికి పోవాలనిపించింది. కానీ ఆయన్ని పక్కకు తిప్పే వేళయింది. తిప్పకపోతే వీపు పుండవుతుంది. ఆ ఇంట్లో కోపంగా ఉండడానికి కూడా నాకు ఖాళీ దొరకలేదు. తిరిగి వచ్చి, భుజం కింద చెయ్యి పెట్టి ఆయన్ని తిప్పాను. బరువు బాగా తగ్గిపోయాడు. ఆయన ముఖం నా భుజానికి ఆనింది.

"ఇప్పుడన్నా పో," అన్నాడు నా చెవి దగ్గర. "షెడ్డు పోతే పోనీ."

"యాడికి పోయేది మామా?" అన్నాను. నాకు తెలియకుండానే ఆయన యాస నా నోట్లోకి వచ్చింది. "వాకిట్లో రెండు ఇంజన్లు విప్పి పెట్టినాం."

ఆయన ఊ కొట్టాడు. క్షమించావా అని ఆయన అడగలేదు, క్షమించానని నేను చెప్పలేదు. ఇప్పుడు రాస్తున్నప్పుడు కూడా ఆ కోపం పూర్తిగా పోయిందని చెప్పలేను. ఆయన భయపడ్డాడని తెలిసినాక మాత్రం, నన్ను కట్టేసిన మనిషిగా ఆయన్ని చూడలేకపోయాను. ఆయన్ని కట్టేసింది ఎవరు మరి?

ఆ వారం నుంచి ఆయన కొత్త పట్టు పట్టాడు. సామాన్లకు కర్నూలు నేనే పోవాలి. "పార్సిలు వద్దు. నువ్వే పోయి చూసి తే. నన్ను భాయ్ చూసుకుంటాడు. తొందరపడి రావాకు, సినిమా గినిమా చూసుకొని రా," అని పంపేవాడు. నేను ఏ సినిమాకూ పోలేదు. ఒకసారి ఆ స్కూలున్న వీధిలో నడిచి చూశాను. దానికి పేరు మారింది, రంగు మారింది. గేటు లోపల పిల్లలు వరసలో నిలబడి ఉన్నారు. కాసేపు చూసి, అంగడికి పోయి రింగులు కొనుక్కొని వచ్చాను. ఇంటికి రాగానే మామ, "ఏం చూసినావు?" అని అడిగాడు. "తుంగభద్రలో నీళ్లున్నాయి మామా," అన్నాను. అదే ఆయనకు చాలా పెద్ద వార్త. ఎంత ఉన్నాయి, బండలు మునిగినాయా, ఎవరన్నా ఈతకొడుతున్నారా అని అడుగుతూ పోయాడు.

అట్లా పోయిన ఒక రోజునే ఆయన వెళ్లిపోయాడు.

నేను ఇల్లు చేరేసరికి భాయ్ ఆయనకు గడ్డం గీసి ఉంచాడు. మా ఆయన నంద్యాల దగ్గర లోడు వదిలేసి వచ్చాడు. నేను గోరువెచ్చటి నీళ్లతో మామ చేతులు కడిగాను. ఎడమ చేతి గోళ్ల సందుల్లో నల్లటి గీతలు. ముందు రోజు సాయంత్రం ఆ లారీ పాత రింగులు ఇద్దరం కలిసి చూశాం. ఎంత తోమినా ఆ నలుపు పోలేదు. ఇక వదిలేశాను.

మర్నాడు పొద్దెక్కినాక పాడె లేచింది. మా వైపు ఆడవాళ్లు కాటికి పోరు. నేను పాపను పట్టుకొని మిద్దె ఉన్న పక్కింటి మెట్లెక్కి నిలబడ్డాను. రోడ్డు తిన్నగా రైలు గేటు దాకా పోతుంది, గేటు దాటితే కాడు. వాళ్లు గేటు దగ్గరికి చేరేసరికి అది పడింది. గూడ్సు బండి. ఒక పెట్టె తర్వాత ఒక పెట్టె, అంతులేకుండా వస్తూనే ఉంది. డప్పులు ఆగిపోయాయి. మోసేవాళ్లు భుజాలు మార్చుకున్నారు. మా ఆయన చేతిలో నిప్పుల కుండ పొగ కక్కుతోంది. లారీలు, ఆటోలు, బడి బస్సు, అన్నీ ఆ వెనకే వరసగా ఆగాయి. అందరి తలల మీద, నడి ఎండలో మామ.

భాయ్ తన భుజం మీది తువ్వాలు తీసి, రెండు చేతులూ పైకెత్తి, ఎండ పడకుండా మామ ముఖం మీద పట్టుకున్నాడు. గాలికి అది ఎగురుతుంటే మళ్లీ సరిచేసి పట్టుకున్నాడు. పెట్టెలు పోతూనే ఉన్నాయి. పాప నా కొంగు పట్టుకొని, "ఇంకెంతసేపు మా?" అంది. నాకు తెలియలేదు. ఆఖరి పెట్టె పోయింది, గేటు లేచింది. పట్టాలు దాటేటప్పుడు పాడె ఒకసారి పైకి లేచి కిందికి దిగింది. ఆ తర్వాత దుమ్ము. దుమ్ములో చాలా దూరం దాకా ఆ తువ్వాలు మాత్రం కనిపించింది.